మమ్మల్ని అడిగారు

మీరేమంటారు, అని అడిగింది డాక్టరమ్మ. టీలో ఇంకొంచెం పాలు పొయ్యమంటారా అన్నంత మామూలుగా అడిగింది. నా కాళ్ళ కింద గచ్చు ఉందో లేదో తెలియలేదు. రెండు దారులున్నాయి, ఇప్పుడిస్తున్న మందే పొద్దునా సాయంత్రం ఇచ్చుకోవచ్చు, లేదంటే కొత్త మందు, రోజుకు నాలుగు సూదుల దాకా పడతాయి, దేని మంచి దానికుంది దేని చెడు దానికుంది, బయట కూర్చుని మాట్లాడుకోండి, తదాలా నువ్వు కూడా ఆలోచించు, లైనంతా అయిపోయాక పిలుస్తాను, మీరేదంటే అదే చేద్దాం అంది. మీరేదంటే అదే. నేను తలూపాను. డాక్టర్ల ముందు తల దానంతటదే ఊగుతుంది. అన్నయ్య లైటన్ గోడవార కుర్చీలోంచి లేచి టోపీ పెట్టుకున్నాడు, పెట్టుకున్నవాడు మళ్ళీ తీసేశాడు, చావింట్లోకి అడుగు పెట్టేటప్పుడు తీసినట్టు. అప్పుడే తెలిసిపోయింది, నాకు తోచిందే వాడికీ తోచిందని. ఇప్పుడు వరండా బెంచీ మీద ఉన్నాం, నా వీపున చితెంజె గుడ్డలో చంటిది లినెస్ నిద్రపోతోంది, రేకుల మీద వాన, ఆసుపత్రి కంచె అవతల మొక్కజొన్న నా భుజం దాకా ఎదిగింది, కంకి మాత్రం ఇంకా పాలు పట్టలేదు. నా పక్కన పెద్దకూతురు తదాలా కాళ్ళూపుకుంటూ కూర్చుంది. ఆ కాళ్ళ వైపు నేను చూడలేకపోతున్నాను.

డాక్టర్లు అడగరు. నాకు తెలిసినంతలో డాక్టర్లు చెబుతారు. బడిలో మేష్టారు కూడా అంతే, చెబితే పాఠం, అడిగితే బెత్తం. ఆరో తరగతిలో నన్ను లేపి నువ్వేమంటావు ఎనెలెసీ అన్నాడంటే నేనప్పటికే ఏదో తప్పు చేశానన్నమాట, చేతులు ముందే చాచేదాన్ని. బడి మానేశాక అడిగేవాళ్ళే లేకుండా పోయారు, హాయిగానే ఉండింది ఒక విధంగా. పాత డాక్టరు తల ఎత్తకుండా రాసేవాడు, కాగితం పట్టుకుని మందుల కిటికీ దగ్గరికి వెళ్ళేవాళ్ళం, పిల్లకి తీపి పెట్టకు అని కసిరేవాడు. ఫిబ్రవరి కరువు నెలలో తీపి ఎక్కడ పెట్టను, తవుడు సంకటికే గతి లేనప్పుడు. కసిరితే కసిరాడు, కసిరినంత కాలం ఆశ ఉన్నట్టే కదా. పోయేవాళ్ళని ఎవరు కసురుతారు. ఈ కొత్తామె, న్యాసులు డాక్టరమ్మ, మా దేశపు ఉత్తరం వైపు మనిషి, వాళ్ళు మెత్తగా మాట్లాడతారంటారు. నెత్తురు చూసిన మిషను బల్ల మీద పెట్టి, అంకె చూసి, కసరలేదు. కసరనేలేదు! అంకె అంత పెద్దదని నాకే తెలుస్తుంటే, ఆమె కుర్చీ ముందుకి జరుపుకుని, మీరేమంటారు అంది.

నాన్నప్పుడు కూడా ఇదే మాట. ఇదే ఆసుపత్రిలో, అదుగో ఆ మలుపు తిరిగితే మగవాళ్ళ వార్డు. నాన్న పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి, మంచం చాలక కింద చాప మీద ఉన్నాడు. అన్ని రోజులూ డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, ఇది మింగించండి, అది ఆపండి, పక్కకి తిప్పండి. ఒక పొద్దున పెద్ద డాక్టరు వచ్చి చాప పక్కన గొంతుక్కూర్చున్నాడు. అంత పెద్దమనిషి కింద కూర్చోవడం చూసి మురిసిపోయాను, తెలివితక్కువదాన్ని. మీవాళ్ళు ఏం చేద్దామనుకుంటున్నారు అన్నాడు. నాన్న అక్కచెల్లెళ్ళ కొడుకులు టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు, మా ఆచారంలో వాళ్ళదే కదా మాట, ఇంటికి తీసుకెళ్ళిపోతాం అన్నారు. మంచిది అన్నాడు డాక్టరు. మంచిది! సైకిలు టాక్సీ వెనక కూర్చోబెట్టి, జారిపోకుండా అమ్మ చితెంజెతో తొక్కేవాడి నడుముకి కట్టేశారు. దారిలో నాన్న తోబ్వా అడిగాడు, మొక్కజొన్నతో కాచిన ఆ తియ్యటి గంజి, మలుపులో అమ్మే ఆవిడ దగ్గర ఆగి తాగించాం, సగం గడ్డం మీద కారింది. ఆ వారం దాటలేదు. అందుకని మా ఊళ్ళో ఎవరన్నా ఆసుపత్రి నుంచి వచ్చి డాక్టరు మమ్మల్ని అడిగాడు అంటే ఇంక ఏమీ అడగం. ఆడవాళ్ళు లేచి చావుకొచ్చేవాళ్ళ కోసం చాపలు దులుపుతారు.

అన్నయ్య టోపీ అంచు వేళ్ళతో తిప్పుతున్నాడు.

"విన్నావుగా," అన్నాడు చివరికి, వాన వైపు చూస్తూ.

"విన్నాను."

"నాన్నప్పుడూ ఇలాగే."

"అనకు అన్నయ్యా. అది వింటోంది."

"ఇంకో ఆసుపత్రికి పోదాం. లిలాంగ్వే పెద్దాసుపత్రికి. ఎడ్లబండి అమ్మేస్తాను."

లైటన్ తన బండిని అమ్ముతానన్నాడంటే పిల్ల పరిస్థితి అంత దూరం వచ్చిందన్నమాట. తదాలా నాన్న సరస్సు మీద ఎవరిదో పడవలో వేటకి పోయాడు, ఫోను పలకదు, పలికినా ఇది అతన్ని అడిగే సంగతి కాదు. మా వాళ్ళలో పిల్లల మాట మేనమామది. పేరు పెట్టేదీ వాడే, బడిలో వేసేదీ వాడే, జబ్బు చేస్తే ఏ డాక్టరు ఏ నాటువైద్యుడు అని తేల్చేదీ వాడే. నన్ను బడి మాన్పించింది కూడా మా మేనమామే, ఆ రోజు నేను పొలంలో ఉన్నాను, సాయంత్రం ఇంటికొచ్చాక తెలిసింది నా చదువు అయిపోయిందని. అలాంటిది ఈమె లైటన్ వైపు చూసింది, నా వైపు చూసింది, పిల్ల వైపు కూడా చూసింది, ముగ్గుర్నీ కలిపి మీరు అంది. కోడిపిల్లని గద్ద తన్నుకుపోయేటప్పుడు కోడిపిల్లని కూడా అడుగుతారా.

"ఏంటమ్మాయ్, మొహం అంతలా వేలాడేశావు?" బెంచీ అవతలి కొస నుంచి ఒక ముసలావిడ. కాలి బొటనవేలికి కట్టు, ఒళ్ళో ఊతకర్ర.

చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. "మమ్మల్ని అడిగింది మామ్మా."

"ఎవరు, న్యాసులా? నన్నూ అడుగుద్ది వచ్చిన ప్రతిసారీ. ఆమెకదో జబ్బు. ఏం వండావు, ఎవరు తిన్నారు, నడవగలవా, ఏ పూట మాత్ర మర్చిపోతావు అంటా. నా మొగుడు బతికినన్నాళ్ళూ ఇన్ని అడగలేదు. టీలో చక్కెర మానతావా, మానలేకపోతే ఎంత తగ్గిస్తావు నువ్వే చెప్పు అంది. చెప్పాను. ఇంకా చావలేదుగా, చూడు." కర్రతో గచ్చు మీద ఒకటి పొడిచి నవ్వింది, పళ్ళు ఎక్కువ లేవు.

నేనూ నవ్వాలని చూశాను. ముసలావిడని అడగొచ్చు, ఆమె బతికేసింది, మనవళ్ళ పెళ్ళిళ్ళు చూసింది, ఆమె టీ ఆమె ఇష్టం. తదాలాకి పాలపళ్ళు ఊడి ఎన్నాళ్ళైంది. ఇది మొదటిసారి జబ్బు పడినప్పుడు, బావి దగ్గర బిందె ఎత్తి గటగటా తాగేసేది, రాత్రి లేచి వాన నీళ్ళ తొట్టిలో నోరు పెట్టేది, చిక్కిపోయి చిక్కిపోయి చివరికి దాని ఊపిరి కుళ్ళిన జామపండు వాసన కొట్టింది. ఎవరో చేతబడి అన్నారు. లైటన్ ఒక్కడే సైకిలు తీసి, ఆసుపత్రి అన్నాడు. వాడి మాట వల్లే బతికింది. తర్వాత ఇన్సులిన్ వచ్చింది మా ఇంటికి, కొత్త కోడల్లాగా, దానికో చోటు కావాలి, చల్లగా ఉండాలి, ఎవరూ ముట్టకూడదు. పెద్ద కుండలో తడి ఇసక, ఇసకలో చిన్న కుండ, చిన్న కుండలో సీసా, గుడిసెలో చీకటి మూల. రోజూ ఇసక తడపడం నా పని. సీసాని అరచేతుల మధ్య దొర్లిస్తే అడుగునున్న తెల్లది తేటలో కలిసి పాలలా అయ్యేది, ఆ దొర్లించడం తదాలాకి ఇష్టం, పిల్లిపిల్లని ఆడించినట్టు ఆడించేది. మొదట్లో సూది నేనే వేసేదాన్ని. అమ్మా నువ్వు కళ్ళు మూసుకుంటున్నావు, నేనే వేసుకుంటాలే అంది. నేర్చుకుంది. ఈ వానాకాలం తవుడు కూడా నిండుకునే సరికి నేను చీకటితోనే లేచి పరాయి పొలాల్లో కలుపుకి పోతున్నాను, లినెస్‌ని వీపున కట్టుకుని, తిరిగొచ్చి అడుగుతాను, పొద్దున మందు వేసుకున్నావా? వేసుకున్నానమ్మా. తిన్నావా? తిన్నానమ్మా. మరి ఎందుకు మొన్న మళ్ళీ జామపండు వాసన, ఎందుకు ఆ వాంతులు, ఎందుకు సైకిలు మీద మళ్ళీ ఇదే దారి. మందు పని చెయ్యడం లేదు. అంతే అయ్యుంటుంది. మందు ఓడిపోయింది, అందుకే అడిగారు. నాలుగు సూదులంటే రెండింతల జబ్బు కదా. నాన్నకీ చివర్లో సూదులు పెంచారు.

"నాకు నాలుగు సూదులదే కావాలి," అంది తదాలా.

కాళ్ళూపడం ఆపింది. ఎవరితో అన్నదో తెలియలేదు, వానతో అన్నట్టుంది.

లైటన్ తల తిప్పాడు. "పెద్దవాళ్ళ మధ్య పిల్లలు మాట్లాడతారా?"

"డాక్టరమ్మ నన్నూ ఆలోచించమంది మావయ్యా."

"ఆలోచించమంది. వాగమనలేదు."

ముసలావిడ అటు తిరిగి వాన చూస్తున్నట్టు నటించింది, చెవి మాత్రం ఇటే ఉంది. నేను పిల్ల మోకాలి మీద చెయ్యి వేశాను, ఎముక తగిలింది. "పిచ్చిమొహమా, ఎవరన్నా నాలుగు పోట్లు కోరి పొడిపించుకుంటారా? బడిలో కూడా వేసుకోవాలేమో. అందరూ చూస్తారు."

"బడిలో అక్కర్లేదు. బడిలో తిండి ఉండదుగా." అది చెప్పే తీరు చూడు, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు నాకు చెబుతోంది. "రాత్రి ఒకటి మాత్రం తిన్నా తినకపోయినా వేసుకోవాలంట. అది మానకూడదంట. మిగతావి తినేటప్పుడేనంట అమ్మా. తినకపోతే సూది లేదు. ఆమె చెప్పిందిగా, నువ్వు వినలేదా?"

వినలేదు. మీరేమంటారు అన్న మాట నా చెవిలో ఎప్పుడు పడిందో అప్పటి నుంచి ఇంకేమీ వినలేదు.

"ఇప్పుడున్నది అలా కాదు. పొద్దున వేసుకుంటే పొద్దునా తినాలి, మధ్యాహ్నమూ తినాలి. తినకపోతే కళ్ళు తిరుగుతాయి. క్లాసులో ఒకసారి పడిపోయాను. గౌను తడిసిపోయింది. అందరూ నవ్వారు."

"ఎప్పుడే?" అన్నాను. "తింటున్నావుగా. రోజూ గంజి పెట్టే పోతున్నానుగా, మూత పెట్టి."

అది నా వీపు వైపు చూసింది. నా వైపు కాదు. నా వీపున నిద్రపోతున్న లినెస్ వైపు, గుడ్డలోంచి బయటికి వేలాడుతున్న ఆ పాదం వైపు.

"అది ఒక గిన్నెడే ఉంటది కదమ్మా. నువ్వు దాన్ని వెంట తీసుకుపోయేది పాలు తాగుతదని. నీకు పాలు రావట్లేదు కదా. మధ్యాహ్నం పొలం నుంచి వచ్చి అది ఏడుస్తది. అందుకని గంజి దానికి ఉంచుతున్నా. అది తాగేసినాక గిన్నె కడిగి పెడతా."

"మరి సూది?"

"వేసుకుంటే తినాలిగా. అందుకని వేసుకోవట్లేదు పొద్దునది. సీసాలో మందు తగ్గకపోతే నీకు తెలిసిపోద్దని, రోజూ తీసి గుమ్మడి పాదులో పోస్తున్నా."

గుమ్మడి పాదు. వంటపాక వెనక, తానే మొలిచింది, పాక కప్పు మీదికెక్కి అటు పక్కకి కూడా దిగింది, ఈ కరువు నెలల్లో ఆ ఆకే మాకు కూర. ఇంత బాగా ఎలా కాసింది ఎనెలెసీ అని పొరుగువాళ్ళు అడిగితే దేవుడి దయ అన్నాను. లేత ఆకులు గిల్లి, పీచు లాగి, వేరుశనగ పిండి ఉంటే పిండి వేసి, లేకపోతే ఒట్టి ఉప్పేసి వండాను, తిను తల్లీ బలం అన్నాను, ఈ చేత్తోనే పెట్టాను. ఆ పాదు వేళ్ళ దగ్గర నా బిడ్డ తన ఊపిరిని రోజూ కొంచెం కొంచెం పోసింది. తెల్లటి మందు నల్లటి మట్టిలో. పొద్దున్నే, నేను పొలం గట్టున ఉండగా, ఇది ఒక్కత్తీ పాక వెనక నిలబడి, సూదిలోకి మందు సరిగ్గా తీసి, బుడగ లేకుండా తట్టి, నేను నేర్పినట్టే, అంతా నేను నేర్పినట్టే చేసి, ఒంగి, పాదులో పోసి. అంత చిన్న బుర్ర. అది రోజూ తేల్చుకుంటూనే ఉంది, ఇవాళ ఎవరు తినాలి, నేనా చెల్లా అని. నేనిక్కడ కూర్చుని మాకు తేల్చడం రాదు, మమ్మల్ని అడక్కూడదు అనుకుంటున్నాను. మా ఇంట్లో తేల్చడం ఎప్పుడో మొదలైంది. అబద్ధం ఎక్కడ నేర్చుకుంది? తిన్నానమ్మా. అది నా మాటే. రాత్రి సంకటి ముద్దలు తీసి వాళ్ళ పళ్ళాల్లో వేసి, నీకేదమ్మా అంటే, వండుతూ తిన్నాలే అంటాను. అదే గొంతు. అచ్చం అదే గొంతుతో నాకు తిరిగి చెప్పింది, నేను నమ్మాను.

ఏడుపు రాలేదు. లైటన్ వైపు చూశాను, వాడు టోపీని పిండుతున్నాడు, ఉతికిన బట్టని పిండినట్టు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు, కోపంగా అందామనుకున్నాడేమో, కానీ కోపంలా వినపడలేదు. "మేనమామని ఉన్నాను. చావలేదు నేను. మా గాదెలో లేదా?"

"మీ గాదెలో కూడా అయిపోవచ్చిందని అత్త బావి దగ్గర చెప్పింది మావయ్యా." తర్వాత, నెమ్మదిగా, "మీరెవరూ అడగలేదుగా."

ముసలావిడ ఇప్పుడు నటించడం మానేసి తిన్నగా మా వైపే చూస్తోంది. తన కొంగుముడి విప్పి, కాల్చిన చిలగడదుంప సగం ముక్క తీసి తదాలా ముందు పెట్టింది. తదాలా నా వైపు చూసింది, తినొచ్చా అని కాదు, సూది వేసుకోకుండా తినొచ్చా అని. నాకు తెలియలేదు. తల్లిని, నాకు తెలియలేదు. అది ముక్కని గుడ్డలో చుట్టి పక్కన పెట్టుకుంది, డాక్టరమ్మని అడిగి తింటానంది.

లైను అయిపోయింది. పేరు పిలిచారు. లోపలికి వెళ్ళాక కూర్చోవాలని కూడా తోచలేదు, నిలబడే ఉన్నాను, లినెస్ లేచి నా వీపు మీద తన్నుతోంది. లైటన్ గొంతు సవరించుకున్నాడు, వాడి వంతు అది. కానీ వాడికంటే ముందు నా నోట్లోంచి వచ్చేసింది, నా ప్రమేయం లేకుండా. "అమ్మా, ఇది పోతుందా?"

న్యాసులు డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. "ఎవరు చెప్పారు మీకు?"

"మీరే."

"నేనెప్పుడు చెప్పాను?"

"అడిగారుగా మమ్మల్ని."

ఆమె నా మొహం చూసింది, లైటన్ చేతిలో నలిగిన టోపీ చూసింది. ఆమె మొహంలో రంగు మారడం చూశాను, డాక్టర్ల మొహంలో కూడా రంగు మారుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక్క క్షణం ఆమె కూడా ఏ గచ్చు మీద ఉందో తెలియనట్టు కూర్చుంది. తర్వాత లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది. "లేదు, తదాలా అమ్మగారూ. లేదు. అది బతకాలనే అడిగాను. ఆ సీసా మీ ఇంట్లో ఎలా బతుకుతుందో నాకు తెలియదు. మీకు తెలుసు."

నాకూ తెలియదమ్మా, అనబోయాను. అప్పుడు లైటన్ లేచి నిలబడ్డాడు, ఊరి పంచాయతీలో నిలబడినట్టు నిటారుగా. "మా ఇంటి ఆడబిడ్డల మాట నాది," అన్నాడు. "నా మాట ఇదీ. దాన్నే అడగండి."

తదాలా చెప్పింది. అంతా చెప్పింది, పాదు సంగతి కూడా, గౌను తడవడం మాత్రం వదిలేసింది. డాక్టరమ్మ మధ్యలో అడ్డు రాలేదు, చివర మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కొత్త మందు అన్నం పెట్టదు, అది గుర్తుంచుకోండి అంది. రాత్రి సూది ఒక్కటి ఏమైనా మానకూడదు, ఆకలితో పడుకున్నా సరే, వేలు మాత్రం ఎక్కువసార్లు గుచ్చి చూసుకోవాలి అంది. మా గాదెలో ఉన్నంతవరకూ రెండిళ్ళకీ ఒకటే కుండ అన్నాడు లైటన్. దుంప సంగతి అడిగితే, డాక్టరమ్మ దాన్ని పిల్ల పిడికిలి పక్కన పెట్టి, అంత ముక్కకి ఎంత మందు వేసుకోవాలో చూపించింది.

"అయితే నాలుగు సూదులే, నువ్వు అన్నట్టే," అంది. "ఇంకేమన్నా చెప్పాలా తదాలా?"

తదాలా కాసేపు కాళ్ళూపింది. "నేను తినేటప్పుడు అమ్మ నా ఎదురుగా తినాలి. వండుతూ తిన్నాననకూడదు. అమ్మ పళ్ళెంలో అమ్మకి ఉండాలి. అప్పుడైతే వేసుకుంటా."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. ఇందాకటి మాటే, ఇందాకటిలాగే, అడిగింది.

"మీరేమంటారు?"

తింటాను, అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, ఎంత ఆకలి వేస్తోందో.